ఎమ్స్ టెలిగ్రామ్ లేకపోతే 1870 యుద్ధం ఆగేదా?

పాతపేజీలు:
గ్రూప్స్ మెటీరియల్ తీసినా, డిగ్రీ పుస్తకం తీసినా 1870 ఫ్రాన్స్–ప్రష్యా యుద్ధం గురించి ఒకటే మాట. ప్రష్యా (ఉత్తర జర్మనీలోని పెద్ద రాజ్యం) ప్రధాని బిస్మార్క్, తమ రాజు ఉన్న ఎమ్స్ నుంచి వచ్చిన టెలిగ్రామ్‌ను మార్చి పత్రికలకిచ్చాడు, ఫ్రాన్స్ రెచ్చిపోయి యుద్ధం ప్రకటించింది. ఒక మార్కు ప్రశ్నకు ఇది చాలు. కానీ యుద్ధం తెచ్చింది ఆ టెలిగ్రామ్ కాదని, దానికి ముందు రోజు పారిస్ నుంచి వెళ్ళిన ఇంకో టెలిగ్రామ్ అని నా వాదన. కాదనేవాళ్ళు ఆధారాలతో రండి.

ముందు సంగతులు క్లుప్తంగా. 1868లో స్పెయిన్ రాణి రెండో ఇసబెల్లాను గద్దె దించారు. కొత్త రాజు కోసం వెతికిన జనరల్ ప్రిమ్ చూపు లియోపోల్డ్ మీద పడింది. ఇతను ప్రష్యా రాజవంశంలోనే మరో శాఖ అయిన హోహెన్‌జోలెర్న్-సిగ్మరింగెన్ యువరాజు, క్యాథలిక్. 1870 జూన్‌లో సరేనన్నాడు. జులై 2, 3 తేదీలకల్లా సంగతి పారిస్‌కు పొక్కింది. తూర్పు సరిహద్దున ప్రష్యా, దక్షిణాన కూడా ప్రష్యా రాజు చుట్టమే అంటే ఫ్రాన్స్‌కు టెన్షన్ పుట్టడం సహజం. దాన్ని నేను తప్పుపట్టను.

తప్పుపట్టేది జులై 6ని. రాయబారి ద్వారా గుట్టుగా అడగాల్సిన మాటను విదేశాంగ మంత్రి గ్రామోన్ చట్టసభలో లేచి నిలబడి అన్నాడు. పరాయి దేశం తన యువరాజును ఐదో చార్లెస్ సింహాసనం (అంటే స్పెయిన్ గద్దె) మీద కూర్చోబెడితే ఊరుకోమని, అవసరమైతే తడబాటు లేకుండా తమ కర్తవ్యం నెరవేరుస్తామని ప్రకటించాడు. సభంతా చప్పట్లు. ఇక వెనక్కి తగ్గితే పరువు పోతుందన్న పరిస్థితిని ఆయనే తెచ్చుకున్నాడు.

అయినా సరే, ఫ్రాన్స్ గెలిచింది. జులై 12న లియోపోల్డ్ తండ్రి కార్ల్ ఆంటన్ తన కొడుకు పోటీలో లేడని తంతి ఇచ్చాడు. ఒక్క తూటా పేలకుండా ప్రష్యా తగ్గింది. అదే రోజు సాయంత్రం సాం-క్లూ ప్యాలెస్‌లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌తో మాట్లాడి వచ్చిన గ్రామోన్, ఎమ్స్‌లో ఉన్న రాయబారి బెనెడెట్టికి కొత్త ఆదేశం పంపాడు. ఇకముందు ఎప్పటికీ ఈ అభ్యర్థిత్వానికి ఒప్పుకోనని ప్రష్యా రాజు చేత మాట ఇప్పించాలట. ప్రధాని స్థానంలో ఉన్న ఒలివియేను కూడా ముందుగా అడగలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది ఆ తంతి.

తంతితీగ:
మంచి చర్చ పెట్టారు. కానీ మీ కథలో బిస్మార్క్ జులై 13 రాత్రికి గానీ రంగంలోకి రాడు. అసలు లియోపోల్డ్‌ను ఒప్పించింది ఎవరు? 1870 మార్చిలో రాజుకు విజ్ఞాపన రాసి, స్పెయిన్ గద్దె మనకు లాభమని నచ్చజెప్పింది బిస్మార్కే. తన మనిషి లోథర్ బూఖర్‌ను స్పెయిన్‌కు పంపింది ఆయనే. రాజు విల్‌హెల్మ్‌కు ఈ వ్యవహారం మొదటినుంచీ ఇష్టం లేదు.

ఇక టెలిగ్రామ్. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప జరిగిన పని అర్థం కాదు.

ఎమ్స్ అంటే లాన్ నది ఒడ్డున స్నానాలకు వెళ్ళే ఊరు. 73 ఏళ్ళ రాజు అక్కడ విశ్రాంతి తీసుకుంటున్నాడు. జులై 13 ఉదయం నడకకు వెళ్ళినప్పుడు బెనెడెట్టి ఎదురై ఆ హామీ అడిగాడు. (ఆ చోట ఇప్పటికీ ఒక రాయి ఉంది. దాని మీద తేదీతో పాటు 9 గంటల 10 నిమిషాలు అని చెక్కారు.) రాజు కుదరదన్నాడు. ఆ తర్వాత కార్ల్ ఆంటన్ ఉత్తరం అందింది. అప్పుడు రాజు తన అంగరక్షక అధికారి రాడ్జివిల్‌ను పంపి, ‘మీరు పారిస్ నుంచి విన్న వార్త నిజమేనని నాకూ ఖాయమైంది, ఇంతకుమించి చెప్పాల్సింది లేదు’ అని బెనెడెట్టికి కబురు చేశాడు. ఇదంతా రాజు వెంట ఉన్న ఆబెకెన్ అనే అధికారి బెర్లిన్‌లో ఉన్న బిస్మార్క్‌కు తంతిలో రాశాడు.

బిస్మార్క్ బయటికి వదిలిన పాఠం దాదాపు సగానికి తగ్గింది. రాయబారి హామీ అడిగాడు, దానిమీద రాజు ఆయన్ని మళ్ళీ కలవడానికి నిరాకరించి, ఇక చెప్పాల్సింది ఏమీ లేదని అధికారితో చెప్పించాడు. అంతే. ఉత్తరం వచ్చిందన్న సంగతి పోయింది. వార్త ఖాయమైందన్న మాట పోయింది. ‘మీరు కోరింది జరిగింది కాబట్టి ఇక మాట్లాడాల్సింది లేదు’ అన్నది కాస్తా ‘నీతో మాటల్లేవు, వెళ్ళు’ అన్నట్టుగా మారింది. అబద్ధం ఒక్కటీ చేర్చకుండా, కత్తిరించడంతోనే అర్థం తిప్పేశాడు. భోజనానికి వచ్చిన సైన్యాధిపతి మోల్ట్‌కే, యుద్ధ మంత్రి రూన్ అంతకుముందు దిగాలుగా కూర్చున్నారని, ఈ పాఠం విన్నాక హుషారయ్యారని బిస్మార్క్ స్వయంగా తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఇంతకన్నా ఆధారం ఏం కావాలి?

మేడారం_రోడ్డు:
మీ ఇద్దరూ టెలిగ్రామ్‌ల దగ్గరే ఆగారు. 1866లో ప్రష్యా ఆస్ట్రియాను ఓడించిన రోజే ఈ యుద్ధం ఖాయమైంది. 1867లో లక్సెంబర్గ్‌ను ఫ్రాన్స్ కొనబోయిన విషయంలో ఒకసారి అంచు దాకా వచ్చి ఆగింది. దక్షిణ జర్మనీ రాజ్యాలు బవేరియా, వుర్టెంబెర్గ్, బాడెన్ ఇంకా ప్రష్యా గొడుగు కిందికి రాలేదు. వాటిని కలపడానికి బిస్మార్క్‌కు ఒక బయటి శత్రువు కావాలి. ఫ్రాన్స్‌లో చక్రవర్తికి పరువు కావాలి. ఈ సాకు కాకపోతే మరొకటి దొరికేది.

పాతపేజీలు:
మేడారం గారూ, ‘ఎలాగూ వచ్చేది’ అనే వాదనతో ఎవరి బాధ్యతనైనా మాయం చేసేయొచ్చు. 1870 జూన్ 30న ఇదే ఒలివియే, శాంతి ఇంత భద్రంగా ఎన్నడూ లేదని సభలో చెప్పాడు. అది తెలివితక్కువ మాటే కావచ్చు. కానీ అప్పటికి యుద్ధం రేపో మాపో అని ఎవరూ అనుకోవడం లేదని తెలుస్తోంది. మీరే చెప్పిన లక్సెంబర్గ్ గొడవ 1867లో లండన్ సమావేశంలో మాటలతో సర్దుబాటైంది కదా. రెండు దేశాల మధ్య పగ ఉండటం వేరు, ఫలానా వారంలో యుద్ధం రావడం వేరు. మనం మాట్లాడుతున్నది ఆ వారం గురించి.

తంతితీగ గారికి: మీరు అసలు తంతిని కాస్త మెత్తగా చూపిస్తున్నారు. అందులోనే బెనెడెట్టి ‘చాలా పట్టుదలగా వెంటపడ్డాడు’ అని ఉంది. చివరికి ‘కాస్త కటువుగానే తిరస్కరించాను’ అని రాజు మాటగా ఉంది. బెనెడెట్టిని ఇక స్వయంగా కలవకూడదన్న నిర్ణయమూ అందులో ఉంది. అన్నిటికన్నా ముఖ్యం చివరి వాక్యం. ఈ కొత్త డిమాండునూ దాని తిరస్కరణనూ మన రాయబారులకూ పత్రికలకూ వెంటనే తెలియజేయాలా అన్నది మీకే వదిలేస్తున్నామని రాజు తరఫున ఆబెకెన్ రాశాడు. బిస్మార్క్ దొంగచాటుగా వెల్లడించలేదు, అనుమతితోనే వెల్లడించాడు. అసలు పాఠాన్ని యథాతథంగా అచ్చేసినా పారిస్ వీధుల్లో అదే కేకలు వినిపించేవి.

నల్లగొండ_టీచర్:
నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంత పెద్ద రహస్యం ముందే ఎలా బయటపడింది? జవాబు చెబితే వాళ్ళు నమ్మరు. బెర్లిన్‌తో బేరం ముగించిన స్పెయిన్ ప్రతినిధి సలాసార్, జూన్ 26 ప్రాంతంలో మాడ్రిడ్ వస్తున్నానని సంకేత లిపిలో తంతి పంపాడు. మాడ్రిడ్‌లో ఆ సంకేతాలు విప్పేటప్పుడు పొరపాటు జరిగి అది జులై 9 అని తేలింది. అన్ని రోజులు సభ్యులను ఎండల్లో రాజధానిలో కూర్చోబెట్టలేక స్పెయిన్ చట్టసభను వాయిదా వేశారు. సలాసార్ వచ్చేసరికి ఓటు వేయడానికి సభే లేదు. మళ్ళీ పిలవాలంటే కారణం చెప్పాలి. అలా పొక్కింది. జులై 2న ప్రిమ్ ఫ్రెంచ్ రాయబారికి తానే చెప్పాల్సి వచ్చింది.

సభ నడుస్తూ ఉంటే జూన్ ఆఖరికే లియోపోల్డ్ స్పెయిన్ రాజుగా ఎన్నికయ్యేవాడు. అప్పుడు ఫ్రాన్స్ గొడవపడాల్సింది స్పెయిన్ ప్రజాప్రతినిధులతో, ప్రష్యాతో కాదు. బిస్మార్క్ అనుకున్నది కూడా అదే, పని పూర్తయ్యాక తెలిస్తే చాలని. కాబట్టి ఆయన మొదటినుంచీ యుద్ధమే కోరాడా అన్నది నాకు పూర్తిగా ఒప్పుదల కాని విషయం. అడ్డం తిరిగాక దాన్ని యుద్ధం వైపు నెట్టాడు అంటే ఒప్పుకుంటాను.

పాతపేజీలు గారు అసలు పాఠం అచ్చేసినా ఇంతే అంటున్నారు. అక్కడ నాకు సందేహం ఉంది. అసలు పాఠంలో కార్ల్ ఆంటన్ ఉత్తరం గురించి ఉంది. శాంతి కోరే మంత్రికి, ‘చూడండి, రాజు విరమణను ఖాయం చేశాడు’ అని చెప్పుకోవడానికి ఒక ఆధారం మిగిలేది. కత్తిరించిన పాఠంలో ఆ ఆధారం లేదు.

తంతితీగ:
టీచర్ గారు అన్నదానికి ఇంకొకటి కలుపుతాను. మాటలు ఎలా మార్చాడన్న దానికన్నా, ఎవరికి పంపాడన్నది పెద్ద విషయం. 13 రాత్రే బెర్లిన్‌లో ప్రభుత్వానికి దగ్గరైన పత్రిక ప్రత్యేక సంచిక వేసి వీధుల్లో ఉచితంగా పంచింది. అంతటితో ఆగితే, పత్రికల రాతలు మాకు లెక్కలేదని పారిస్ అనుకోవచ్చు. కానీ బిస్మార్క్ అదే పాఠాన్ని ఇతర దేశాల్లో ఉన్న తన ప్రతినిధులకు తంతి ద్వారా పంపి, అక్కడి ప్రభుత్వాలకు తెలియజేయించాడు.

జులై 14న పారిస్‌లో ఏం జరిగిందో చూడండి. మధ్యాహ్నం మంత్రివర్గం రిజర్వు సైనికులను పిలవాలని నిర్ణయించింది. సాయంత్రానికి మనసు మారి, యూరప్ దేశాలన్నిటినీ సమావేశపరిచి తగువు తీర్చుకుందామన్న ఆలోచనకు వచ్చింది. చక్రవర్తి కూడా ఒప్పుకున్నాడు. రాత్రి సాం-క్లూలో మళ్ళీ కూర్చున్నప్పుడు ముందున్నవి బెర్న్ (స్విట్జర్లాండ్) నుంచి, మ్యూనిక్ (బవేరియా) నుంచి ఫ్రెంచ్ ప్రతినిధులు పంపిన తంతులు. ఎమ్స్ పాఠాన్ని ప్రష్యా అక్కడి ప్రభుత్వాలకు అధికారికంగా అందించిందని వాటి సారాంశం. పత్రిక అవమానిస్తే సర్దుకోవచ్చు, ఒక ప్రభుత్వం తక్కిన ప్రభుత్వాలన్నిటికీ చాటి చెబితే సర్దుకోవడం ఎలా? సమావేశం ఆలోచన ఆ రాత్రే చచ్చిపోయింది.

పాతపేజీలు గారూ, 12వ తేదీ నాటి డిమాండు తప్పే, దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ 14 సాయంత్రం దాకా తలుపు తెరిచే ఉంది. మూసింది బెర్లిన్.

కోటప్పకొండ_వాసి:
జులై 14 అంటే బాస్టీల్ దినం కదా. సెలవు రోజు, జనం రోడ్ల మీద ఉన్నారు, అందుకే బిస్మార్క్ ఆ రోజు చూసి పేల్చాడని చదివాను.

నల్లగొండ_టీచర్:
అది చాలాచోట్ల రాస్తున్నారండీ, కానీ నిలవదు. జులై 14 జాతీయ దినమైంది 1880లో, రిపబ్లిక్ వచ్చాక. 1870లో ఉన్నది మూడో నెపోలియన్ సామ్రాజ్యం, బాస్టీల్ పేరుతో సెలవు ఇచ్చే ప్రభుత్వం కాదు. అసలు ఆ తేదీని బిస్మార్క్ ఎంచుకునే వీలే లేదు, ఎమ్స్ నుంచి తంతి వచ్చిందే 13 సాయంత్రం.

పాతపేజీలు:
బెర్న్, మ్యూనిక్ తంతుల సంగతి బలమైన పాయింటు, తప్పించుకోను. కానీ ఆ తంతులు మోసుకొచ్చింది ఏమిటి? ఎమ్స్‌లో ఫ్రాన్స్ రాయబారికి అవమానం జరిగిందన్న వార్త. అది నిజమా కాదా తెలుసుకోవడానికి ప్రపంచంలో ఒకే ఒక్క ఫ్రెంచివాడు ఉన్నాడు, బెనెడెట్టి. ఆయన అప్పటికే 13న వరసగా తంతులు పంపాడు. వాటిలో అవమానం అన్న మాటే లేదు. 14న రాజు ఎమ్స్ విడిచి వెళ్తుంటే బెనెడెట్టి రైల్వే స్టేషన్‌కు వెళ్ళి వీడ్కోలు చెప్పాడు. రాజు మర్యాదగా మాట్లాడాడు. అవమానించినవాడూ అవమానం పొందినవాడూ స్టేషన్‌లో అలా నిలబడి వీడ్కోలు చెప్పుకుంటారా? ఎమ్స్‌లో అవమానించినవాళ్ళూ లేరు, అవమానం పొందినవాళ్ళూ లేరని తర్వాత బెనెడెట్టే రాశాడు.

ఆయన 15న పారిస్‌లో దిగాడు. అదే రోజు ఒలివియే, గ్రామోన్ సభ ముందుకు వచ్చి 50 మిలియన్ ఫ్రాంకుల యుద్ధ నిధులు అడిగారు. సభా కమిటీ ముందు బెనెడెట్టిని నిలబెట్టలేదు. తన సొంత రాయబారి చేతికందే దూరంలో ఉండగా, శత్రువు పంచిన కాగితాన్ని నమ్మి యుద్ధానికి వెళ్ళిన ప్రభుత్వాన్ని ఏమనాలి?

విశాఖ_లైబ్రరీ:
ఆ 15వ తేదీ సభ గురించి మన పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా ఉండదు. నాకు మొత్తం కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ప్రతిపక్షంలో ఉన్న థియేర్ లేచాడు. ఆయనకు ప్రష్యా మీద ప్రేమేమీ లేదు. అడిగింది దక్కింది కదా, ఇక కేవలం మర్యాద ప్రశ్న కోసం రక్తపుటేరులు పారించారని యూరప్ అనుకోవాలా అని అడిగాడు. సభ ఆయన్ని మాట్లాడనివ్వలేదు, దేశద్రోహి అన్నట్టు అరిచారు. మరో ప్రతిపక్ష సభ్యుడు జూల్ ఫావ్ర్ ఆ తంతులు మా ముందు పెట్టండి అన్నాడు. పత్రాలు చూపించాలన్న తీర్మానం 84 ఓట్లకు 159 ఓట్లతో వీగిపోయింది. ఆ బాధ్యతను తేలిక మనసుతో స్వీకరిస్తున్నానని ఒలివియే అన్నది ఈ సభలోనే. ఆ తర్వాత ఎంత వివరణ ఇచ్చుకున్నా ఆ మాట ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

కమిటీ దగ్గర ఇంకా ఘోరం. గ్రామోన్ ఆలస్యంగా వచ్చాడు. మిత్రదేశాలు ఉన్నాయా అని అడిగితే, ఆస్ట్రియా రాయబారి, ఇటలీ ప్రతినిధి నా దగ్గర ఉండటం వల్లే ఆలస్యమైంది, ఇంతకన్నా అడగరనుకుంటాను అన్నాడు. పొత్తు ఖాయమైపోయిందని సభ్యులు అర్థం చేసుకున్నారు. ఆస్ట్రియా రాలేదు, ఇటలీ రాలేదు. నిధులకు 245 మంది ఓటేశారు, 10 మంది వద్దన్నారు. బిస్మార్క్ కత్తిరించాడని అందరం అంటున్నాం. గ్రామోన్ ఆ గదిలో చేసింది కూడా కత్తిరించడమే. చెప్పాల్సిన సగం చెప్పకుండా వినేవాళ్ళ ఊహకు వదిలేశాడు.

మేడారం_రోడ్డు:
విశాఖ గారి పోస్టు బాగుంది. పొత్తుల సంగతి వచ్చింది కాబట్టి, బెనెడెట్టి పేరుతోనే ఇంకో కాగితం ఉంది. 1866లో బెల్జియంను ఫ్రాన్స్ కలుపుకోవడానికి ప్రష్యా సాయపడాలన్న ఒప్పందం ముసాయిదా బెనెడెట్టి తన చేత్తో రాసి బిస్మార్క్‌కు ఇచ్చాడు. బిస్మార్క్ దాన్ని నాలుగేళ్ళు దాచాడు. యుద్ధం మొదలయ్యాక లండన్ టైమ్స్‌కు అందించాడు, 1870 జులై 25న అచ్చయింది. బెల్జియం అంటే బ్రిటన్‌కు ఎంత పట్టింపో తెలిసిందే. ఫ్రాన్స్ మీద కాస్తో కూస్తో ఉన్న సానుభూతి కూడా పోయింది. ఒక కాగితాన్ని ఎప్పుడు బయటపెట్టాలో తెలిసినవాడు ఎమ్స్ తంతితో ఆ పని అనుకోకుండా చేశాడంటే నేను నమ్మను.

అన్నట్టు దక్షిణ జర్మనీ రాజ్యాలు వెంటనే ప్రష్యాతో కలిశాయి. దానికి కారణం ఫ్రాన్స్ ముందు యుద్ధం ప్రకటించడమే. అదీ బిస్మార్క్‌కు కావలసింది.

పాతపేజీలు:
సరిగ్గా అదే కదా నేను అంటున్నది! ఫ్రాన్స్ ప్రకటించకపోతే బిస్మార్క్ పథకం సాగదు. జులై 19న బెర్లిన్‌లో యుద్ధ ప్రకటన అందించింది ఫ్రాన్స్. బిస్మార్క్ ఎంత తెలివైనవాడైనా, ఆయన చేతిలో ఉన్నది ఎదుటివాడు ఊరుకుంటే పనికిరాని ఆయుధం. 6న సభలో సవాలు విసరకుండా ఉంటే, 12న వచ్చిన విజయాన్ని తీసుకుని నోరు మూసుకుని ఉంటే, 13న రాజు నడకకు వెళ్ళినప్పుడు బెనెడెట్టికి ఆయన్ని ఆపాల్సిన పనే ఉండేది కాదు. తంతి ఉండేది కాదు, కత్తిరించడానికి ఏమీ ఉండేది కాదు.

సెప్టెంబర్ 2న సెడాన్‌లో చక్రవర్తి బందీ అయ్యాడు. 1871 ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పందంలో 5 బిలియన్ ఫ్రాంకుల పరిహారం, అల్సాస్, లొరేన్‌లో కొంత భాగం పోయాయి. రాజు నుంచి ఒక వాక్యం రాబట్టాలన్న పట్టుదలకు ఫ్రాన్స్ కట్టిన మూల్యం ఇది. దీన్ని బిస్మార్క్ ఒక్కడి ఖాతాలో రాసేసి గ్రామోన్‌ను అమాయకుడిగా వదిలేయడం నాకు న్యాయంగా అనిపించదు.

తంతితీగ:
గ్రామోన్ అమాయకుడని ఇక్కడ ఎవరూ అనలేదు. కానీ ‘ఊరుకుంటే సరిపోయేది’ అన్నచోట మీతో విభేదిస్తాను. ఎమ్స్ తంతి చేతికి రాకముందే, అదే 13వ తేదీన బిస్మార్క్ బ్రిటిష్ రాయబారి లాఫ్టస్‌తో మాట్లాడాడు. ఫ్రాన్స్ మాటలకు తమకు తృప్తికరమైన వివరణ కావాలని, ఇకముందు ఇలాంటి బెదిరింపు రాదన్న హామీ కావాలని అన్నాడు. అంటే గ్రామోన్ ప్రష్యాను అడిగినట్టే బిస్మార్క్ ఫ్రాన్స్‌ను హామీ అడగబోతున్నాడు. ఎమ్స్ నుంచి ఏ తంతీ రాకపోయినా 14నో 15నో బెర్లిన్ నుంచి ఆ డిమాండు పారిస్‌కు వెళ్ళేది. జులై 6న అన్ని మాటలన్న గ్రామోన్ దానికి ఏం జవాబిచ్చేవాడో మీరే చెప్పండి.